ఎయిర్ రైఫిల్‌కి ఫ్రంట్ సైట్: ఏ రింగ్ తీసుకోవాలి, ఎలా బిగించాలి

మొన్న ఆదివారం రేంజ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు వచ్చి, "అన్నా, నా ఫ్రంట్ సైట్‌లో 3.2 రింగ్ ఉంది, కోచ్ సార్ ఇంకా పెద్దది వెయ్యమంటున్నారు, పెద్దది వేస్తే గురి లూజ్ అయిపోదా?" అని అడిగాడు. అయిదేళ్ళ కింద నేనూ అచ్చం ఇదే అడిగాను. వాడికి నిలబడి చెప్పిందంతా, చెప్పడం మర్చిపోయింది కూడా, ఇక్కడ రాసేస్తున్నా.

ఇదంతా 10 మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్ గురించి, 4.5 మి.మీ. పెల్లెట్ వేసేది. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు పతకం కొట్టాడే, ఆ ఈవెంట్. ఇందులో టెలిస్కోప్ పెట్టుకోనివ్వరు. కంటి దగ్గర సన్న రంధ్రమున్న రియర్ సైట్, బ్యారెల్ చివర చిన్న గొట్టం లాంటి ఫ్రంట్ సైట్, ఆ గొట్టంలో ఒక రింగ్, అంతే. ఎడమ, కుడి, పైకి, కిందికి తిప్పుకునే నాబ్‌లన్నీ రియర్ సైట్‌కే ఉంటాయి. ముందుది ఒకసారి బిగించామంటే కదలకూడదు. కదలదు కదా అని చాలామంది దాన్ని పట్టించుకోరు, అదే తప్పు.

రింగ్ సైజు సంగతి ముందు. 3.2, 4.0 అనే అంకెలు రింగ్ లోపలి రంధ్రం అడ్డం, మిల్లీమీటర్లలో. టార్గెట్ మీద నల్ల గుండ్రం అడ్డం 30.5 మి.మీ. నడిమధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, అది మనకి ఎలాగూ కనపడదు. కాబట్టి మనం గురి చూసేది చుక్కని కాదు, నల్ల గుండ్రాన్ని తీసుకొచ్చి రింగ్ మధ్యలో కూర్చోబెడుతున్నాం. కంటికీ ఫ్రంట్ సైట్‌కీ దూరం 85 సెంటీమీటర్లు అనుకోండి, టార్గెట్ దాదాపు 10 మీటర్ల దూరం. లెక్క వేస్తే ఆ నల్ల గుండ్రం ఫ్రంట్ సైట్ దగ్గర 2.6 మి.మీ. అంత కనిపిస్తుంది. 3.2 రింగ్ పెడితే చుట్టూ మిగిలే తెల్ల సందు 0.3 మాత్రమే. 4.0 పెడితే 0.7. ఇక్కడ మన కన్ను చేసే పని ఆ తెల్ల సందు అన్ని వైపులా సమానంగా ఉందా లేదా చూడటమే, సందే దాదాపు లేకపోతే పోల్చడానికి ఏముంటుంది? బిగుతు గాజు చేతికి పట్టేసినట్టు, గుండ్రం ఏ కాస్త కదిలినా రింగ్ అంచుకి తగిలినట్టు కనపడి మనసు ఉలిక్కిపడుతుంది.

నాకు జరిగింది అదే. మొదటి ఏడాదంతా 3.2తో కొట్టాను. రైఫిల్ కొంచెం ఊగినా పెద్ద భూకంపం వచ్చినట్టు కనపడేది, సరిచేద్దామని పట్టుకునే ఉండేవాణ్ణి, పది సెకన్లు, పన్నెండు సెకన్లు, కన్ను నీళ్ళు పెట్టి నల్లదీ తెల్లదీ కలిసిపోయేవి, చివరికి విసుగొచ్చి ట్రిగ్గర్ లాగేసేవాణ్ణి. మా సీనియర్ ఒకాయన ఏమీ చెప్పకుండా నా రింగ్ తీసి 4.0 వేసి, "వెయ్యి, స్కోర్ చూడకు" అన్నాడు. ఊగడం అంతే ఉంది, కానీ నన్ను భయపెట్టడం మానేసింది. షాట్ ఆరేడు సెకన్లలో వెళ్ళిపోవడం మొదలైంది.

అందుకని నా సలహా: 3.8 దగ్గర మొదలుపెట్టండి, కొత్తవాళ్ళయితే 4.0 లేదా 4.2 అయినా తప్పు లేదు. బ్యారెల్ ముందు ట్యూబ్ తగిలించి ఫ్రంట్ సైట్‌ని ఇంకా దూరం జరిపిన వాళ్ళకి ఇంకొంచెం పెద్దది కావాలి, ఎందుకంటే దూరం పెరిగే కొద్దీ గుండ్రంతో పోలిస్తే రింగ్ చిన్నదై కనిపిస్తుంది. మరీ పెద్దది కూడా వద్దు, పళ్ళెంలో శనగగింజ వేసినట్టు ఉంటే మధ్య ఎక్కడో కన్ను తేల్చుకోలేదు. తేల్చుకోవడానికి ఒకే దారి, ఒక్కో సైజుతో పది షాట్లు, వేర్వేరు రోజుల్లో, చూడాల్సింది మొత్తం స్కోర్ కాదు, పది రంధ్రాలూ ఎంత దగ్గరగా పడ్డాయో. ఒకే రోజు మూడు సైజులు మార్చి చూస్తే మూడోదానికి వచ్చేసరికి చేతులు అలిసిపోతాయి, పాపం ఆ రింగ్ మీద నింద పడుతుంది.

రింగ్‌లో లోహపువి, పారదర్శక ప్లాస్టిక్‌వి రెండూ దొరుకుతాయి. ప్లాస్టిక్‌లో చుట్టుపక్కల కూడా కనపడుతుంది కాబట్టి పక్కవాడి నంబర్ టార్గెట్ మీద కొట్టే ప్రమాదం తక్కువ, కానీ దుమ్ము పట్టినా వేలిముద్ర పడినా వెలుతురు చెదిరిపోతుంది. నేను లోహపుదే వాడతాను, ఇది అలవాటు వల్ల చెప్తున్న మాటే. తిప్పితే సైజు మారే రింగ్ కూడా ఉంది, ఖరీదు ఎక్కువ. మీ సైజేదో తేలకముందే అది కొనకండి, చేతిలో ఉంటే ప్రతి చెడ్డ షాట్ తర్వాతా తిప్పబుద్ధి అవుతుంది.

కొనేముందు ఇంకొకటి చూసుకోవాలి. ఫ్రంట్ సైట్ గొట్టాలు ముఖ్యంగా రెండు సైజుల్లో వస్తాయి, ఎం18, ఎం22. ఒకదాని రింగ్ ఇంకోదాంట్లో పట్టదు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రింగుల సెట్ ఎం22ది, నా గొట్టం ఎం18, ఇప్పటికీ ఆ సెట్ డ్రాయర్‌లోనే ఉంది. పోటీలకి వెళ్ళే ఆలోచన ఉంటే గొట్టం పొడవు 50 మి.మీ., అడ్డం 25 మి.మీ. దాటకూడదు, బ్యారెల్ చివర దాటి ముందుకి పొడుచుకు రాకూడదు కూడా. మంచి కంపెనీవి ఎలాగూ ఆ కొలతల్లోనే ఉంటాయి, లేత్ మీద చేయించుకున్నవైతే కొలిచి చూడండి.

ఇక బిగించడం. ముందుగా రైఫిల్‌లో పెల్లెట్ లేదని చూసుకుని సేఫ్టీ ఫ్లాగ్ (బ్యారెల్ ఖాళీ అని చూపించే రంగు దారం) పెట్టండి, ఇంట్లో చేస్తున్నా సరే. బ్యారెల్ చివర పైన 11 మి.మీ. పట్టాలాంటిది ఉంటుంది, దాన్నీ ఫ్రంట్ సైట్ అడుగునీ స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నూనె జిడ్డు మీద ఏ స్క్రూ ఎంత బిగించినా జారుతుంది. సైట్‌ని ముందు వైపు నుంచి పట్టాలోకి తోసి, స్క్రూలు వేలితో తిరిగినంత వరకే తిప్పి ఆపండి. ఇప్పుడే నిటారుగా ఉందో లేదో చూడాలి. నేను గోడకి దారం కట్టి కింద తాళంచెవి వేలాడదీస్తాను, రైఫిల్‌ని స్టాండ్ మీద ఏ పక్కకీ వాలకుండా పెట్టి, రియర్ సైట్ లోంచి ఆ దారాన్ని చూస్తాను. రింగ్‌కి రెండు పక్కలా అడ్డగీతలున్న రకమైతే పని సులువు, దారానికీ ఆ గీతలకీ మధ్య సరిగ్గా లంబం ఉండాలి. గీతలు వాలి కనిపిస్తే ముందు రింగ్ గొట్టంలో సరిగ్గా కూర్చుందా చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, సైట్ పాపం నిటారుగానే ఉంటుంది.

తర్వాత అలెన్ కీతో బిగించండి. రెండు స్క్రూలుంటే ఒకటి పూర్తిగా బిగించి రెండోది కాదు, ఇది పావు చుట్టు, అది పావు చుట్టు. కీ పొడుగు కాడ పట్టుకుని బలం చూపించొద్దు, చాలా రైఫిళ్ళ మీద ఆ పట్టా అల్యూమినియంది, అంచులు నలిగిపోతాయి. అలాగని వదులుగా వదలకూడదు. రెండు సైట్ల మధ్య 80 సెంటీమీటర్లు ఉంటే, ఫ్రంట్ సైట్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే టార్గెట్ మీద 12.5 మి.మీ. జరిగినట్టు. టార్గెట్ మీద పాయింట్ల గీతల మధ్య ఎడం 2.5 మి.మీ., అంటే పది పడాల్సింది అయిదుకి పోతుంది. పదో వంతు మిల్లీమీటరు, అంటే కంటికి కనపడనంత కదిలినా అర పాయింట్ పోయినట్టే. ఓసారి పోటీలో నా ఇరవయ్యో షాట్ తర్వాత అన్నీ కుడివైపే పడుతుంటే నిలబడటం తప్పా, ఊపిరి తప్పా అని బుర్ర చించుకున్నాను, తీరా మ్యాచ్ అయ్యాక పట్టుకుని చూస్తే ఫ్రంట్ సైట్ వేలికి కదులుతోంది.

మెడ వంచకుండా ఉండటానికి కొందరు సైట్ల కింద ఎత్తు బ్లాకులు వేస్తారు. వేస్తే ముందూ వెనకా ఒకే ఎత్తువి వెయ్యండి. ముందుది మాత్రమే ఎత్తితే పెల్లెట్ కిందికి దిగుతుంది. ఇది చాలామందికి తిరకాసుగా ఉంటుంది, రియర్ సైట్‌ని ఎటు జరిపితే షాట్ అటు పోతుంది, ఫ్రంట్ సైట్‌ది మాత్రం ఉల్టా. అంతా బిగించాక అయిదు షాట్లు వేసి, గుంపు ఎక్కడ పడిందో చూసి రియర్ నాబ్‌లతో మధ్యకి తెచ్చుకోండి, ఒక్క షాట్ చూసి నాబ్ ముట్టుకోవద్దు. నాబ్ దాదాపు చివరిదాకా తిప్పినా గుంపు మధ్యకి రావడం లేదంటే మళ్ళీ మొదటికెళ్ళి దారం, తాళంచెవి తియ్యాల్సిందే.

జీరో కుదిరాక, అంటే గుంపు మధ్యకి వచ్చాక, వైట్‌నర్ తీసుకుని స్క్రూ తల మీద నుంచి సైట్ మీదకి సన్నటి గీత గీయండి, సైట్ మీద నుంచి పట్టా మీదకి ఇంకోటి. రైఫిల్‌ని కేసులో పెట్టి బస్సులో ఊరెళ్ళి దిగాక, కేసు తెరవగానే మొదట చూడాల్సింది ఆ గీత రెండు ముక్కలైందా అని.