కడుపులో గుడగుడలు ఎందుకొస్తాయి? ఎలా తగ్గించుకోవాలి?

పరీక్ష హాల్లోనో, ఇంటర్వ్యూ గదిలోనో అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడే కడుపు గుర్రుమంటుంది. పక్కవాళ్లు వెంటనే ‘ఆకలేస్తోందా?’ అంటారు. చాలాసార్లు అది ఆకలి కాదు. కాబట్టి ఏదో ఒకటి తినేస్తే తగ్గిపోతుందనుకోవద్దు. చప్పుడు ఏ వేళకు వస్తోందో ముందు కనిపెట్టాలి, ఉపాయం దాన్నిబట్టే ఉంటుంది.

చప్పుడు ఎక్కడిది?

జీర్ణాశయం, పేగుల గోడల్లో కండరాలుంటాయి. అవి ముడుచుకుంటూ లోపలున్నదాన్ని ముందుకు తోస్తాయి. అప్పుడు నీరూ గాలీ కలిసి కదిలి గుడగుడమంటాయి. సగం నీళ్లున్న సీసాను ఊపి చూడండి, బుడబుడమంటుంది. అంచుదాకా నింపి ఊపితే చప్పుడే ఉండదు. స్టెతస్కోపు పెట్టి వింటే ఆరోగ్యవంతుడి పొట్టలో నిమిషానికి సుమారు 5 నుంచి 30 చప్పుళ్లు వినిపిస్తాయి. వాటిని పూర్తిగా ఆపలేం, ఆపకూడదు కూడా. బయటికి వినిపించేంత పెద్దవి కాకుండా చూసుకోవడమే మన పని.

తిన్నది జీర్ణాశయం దాటిపోయాక కడుపు తనను తాను ఊడ్చుకుంటుంది. సుమారు ప్రతి గంటన్నర, రెండు గంటలకోసారి బలమైన అలలు జీర్ణాశయంలో మొదలై చిన్నపేగు వెంట సాగుతూ మిగిలిన తునకలను, బ్యాక్టీరియాను కిందికి నెట్టేస్తాయి. ఒక్కోచోట ఈ జోరు 5–10 నిమిషాలే ఉంటుంది. ‘కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి’ అని మనం అనేది దీన్నే. ఏమీ తినకపోయినా కాసేపటికి సద్దుమణిగి, మళ్లీ మొదలవుతుంది. ఏకాదశి ఉపవాసంలోనో, రంజాన్ రోజాలోనో ఇలా మోగితే కంగారుపడే పనిలేదు.

1. మూడు రోజులు రాసుకోండి

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: తిన్న వేళ, తిన్న పదార్థం, చప్పుడు వచ్చిన వేళ, దాంతోపాటు ఉబ్బరమో విరేచనమో ఉందా అన్నది. తిన్న మూడు, నాలుగు గంటల తర్వాత మోగి, ఏదైనా తినగానే ఆగితే అది ఖాళీ కడుపు చప్పుడు. తిన్న అరగంట నుంచి రెండు, మూడు గంటల్లోపు ఉబ్బరంతో పాటు వస్తే ఆ భోజనంలో ఏముందో చూడాలి. వేళాపాళా లేకుండా, త్రేన్పులతో కలిసి వస్తుంటే గాలి ఎక్కువ మింగుతున్నట్టు అనుమానించండి.

2. ఖాళీ కడుపు చప్పుడైతే

ఉదయం 10 గంటలకు ఇంటర్వ్యూ అనుకోండి. 8, 8:30 మధ్య రెండు మూడు ఇడ్లీలో, ఒక చిన్న గిన్నెడు ఉప్మానో తినండి. వెళ్లేముందు సగం అరటిపండు చాలు. తినడం మొదలుపెట్టగానే ఆ ఊడ్పు అలలు ఆగిపోతాయి. చాలామంది చేసే పొరపాటు గటగటా గ్లాసెడు నీళ్లు తాగేయడం. ఖాళీ పొట్టలో ఆ నీళ్లూ గాలీ కలిసి ఇంకా మోగుతాయి. రెండు మూడు గుక్కలు, మెల్లగా తాగండి.

మామూలు రోజుల్లో మాత్రం చప్పుడు వచ్చినప్పుడల్లా చిరుతిండికి చెయ్యి చాచకండి. పేగులకు ఆ ఊడ్పు అవసరం.

3. తిన్నాక వచ్చేదైతే

మొదట పాలను అనుమానించండి. మనలో చాలామందికి పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ చక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. నీరు, గాలి రెండూ ఒకేసారి పెరిగితే గుడగుడ ఖాయం. రెండు వారాలు పాలు, పాయసం, కోవా, ఐస్‌క్రీం మానేసి, తర్వాత ఒక రోజు గ్లాసెడు పాలు తాగి చూడండి. చప్పుడు తిరిగొస్తే కారణం చాలావరకు దొరికినట్టే. పెరుగు, మజ్జిగ మానక్కర్లేదు. తోడు పెట్టినప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది.

తర్వాత రాజ్మా, శనగలు, అలసందలు. వీటిలో మన పేగులు అరిగించలేని చక్కెరలున్నాయి. కప్పు గింజలకు నాలుగు కప్పుల నీళ్లు పోసి 8–12 గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తగా ఉడికించండి. నానిన నీళ్లతోనే కుక్కర్ ఎక్కిస్తే అందులోకి దిగిన చక్కెరలు మళ్లీ మీ కడుపులోకే వస్తాయి. అదే మినప్పప్పు ఇడ్లీగా అంత ఇబ్బంది పెట్టదు, పిండి పులిసేటప్పుడే ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి.

ఉల్లి, వెల్లుల్లి, గోధుమ కూడా కొందరికి పడవు. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది కారణమో తేలదు, ఒక్కొక్కటిగా చూడండి. షుగర్‌ఫ్రీ మిఠాయిల్లో వాడే సార్బిటాల్, మాల్టిటాల్ కూడా లాక్టోజ్ చేసే పనే చేస్తాయి.

4. గాలి మింగడం తగ్గించండి

చూయింగ్‌గమ్, స్ట్రా, సోడా, సిగరెట్, మాట్లాడుతూ గబగబా తినడం, వీటన్నిటితో గాలి లోపలికి పోతుంది. భోజనానికి కనీసం 20 నిమిషాలు ఇవ్వండి, ముద్ద మింగాకే మాట్లాడండి.

అక్కడికక్కడ మోగితే

పొట్ట బిగబట్టినంత మాత్రాన ఆగదు. ముందుకు ముడుచుకోకుండా నిటారుగా కూర్చుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. కంగారు కూడా పేగుల కదలికను పెంచుతుంది. ఖాళీ కడుపు అలైతే కొద్ది నిమిషాల్లో దానంతటదే పోతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

చప్పుడు ఒక్కటే అయితే జబ్బు కాదు. దాంతోపాటు బరువు తగ్గడం, మలంలో రక్తం, నల్లటి విరేచనం, నిద్రలేపే విరేచనాలు ఉంటే చూపించుకోండి. పొట్ట ఉబ్బి గట్టిపడి, తెరలు తెరలుగా నొప్పి, వాంతులు వస్తూ గ్యాస్ కూడా పోకపోతే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు వాము, ఇంగువ అంటూ కాలయాపన చేయకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మిగతా సందర్భాల్లో ఆ మూడు రోజుల కాగితం వెంట తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగే ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.