వెలుతురు తక్కువున్న ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో ఏ పగడాలు బతుకుతాయి?

ముందు పార్ మీటరు (పగడాలకు ఉపయోగపడే వెలుతురును కొలిచే పరికరం) అరువు తెచ్చుకుని, రాళ్ల దగ్గర నీళ్లలోపల కొలవండి. కంటికి వెలుగ్గా కనిపిస్తే సరిపోదు. పార్ 30 నుంచి 80 వస్తే డిస్కోసోమా మష్రూమ్‌లతో (పుట్టగొడుగులా కనిపించే మెత్తటి పగడాలు) మొదలుపెట్టండి. 80 దగ్గర్లో ఉన్నచోట జోవాంథిడ్లు, టోడ్‌స్టూల్ లెదర్ అనే మెత్తటి రకాలు కూడా నిలబడతాయి. ఆక్రోపోరా అనే రాతి పగడం జోలికి పోవద్దు, దానికి 200 పైనే కావాలి.

కొనేటప్పుడు మష్రూమ్ పాదం రాయిని గట్టిగా పట్టుకుందా చూడండి. నోరు వెడల్పుగా తెరిచి, అంచులు కరుగుతున్నది వద్దు. తెచ్చాక అడుగున పెట్టి రెండు వారాలు కదపకండి. కాడ సాగి దీపం వైపు వంగితే వెలుతురు చాలలేదని అర్థం, కాస్త పైకి జరపండి. ముడుచుకుని రంగు పాలిపోతుంటే ఎక్కువైంది. నీళ్లలో నైట్రేట్ సున్నాకి పడిపోతే కూడా మష్రూమ్‌లు కుంచించుకుపోతాయి. నైట్రేట్ 5–10 పీపీఎం, ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 25–26 డిగ్రీలు ఉంచండి.

సన్ కోరల్ అనే రాతి పగడానికి వెలుతురు అక్కర్లేదని కొనడానికి తొందరపడకండి. వారానికి రెండు మూడుసార్లు ఒక్కో పాలిప్‌కూ (పగడంలోని ఒక్కో చిన్న నోటికీ) మేత అందించాలి, లేదంటే ఆకలితో చస్తుంది. పైగా మన దేశంలో ఇలాంటి రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి.

జోవాంథిడ్లను గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. అవి ఉన్న రాయిని మరిగించొద్దు: వాటిలో ఉండే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో గాల్లో కలిస్తే ప్రాణాల మీదికొస్తుంది.