మిక్మాక్ ప్రజల గురించి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్‌లో చదువుకుంటున్న మన పిల్లలు ఏ సెమినార్‌కి వెళ్ళినా ముందుగా ఒక మాట వినబడుతుంది, ఇది మిక్మాక్ అనే ఆదివాసీ ప్రజల నేల, వాళ్ళు ఎవరికీ రాసివ్వని నేల అని. ఆ మాట వెనక ఏముందో తెలుసుకోవాలనుకునేవాళ్ళ కోసం, కెనడా వైపు ఎప్పుడూ వెళ్ళకపోయినా ఆదివాసీ సాహిత్యం ఇష్టంగా చదివేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పుస్తకం చేతికి రాగానే రాసిందెవరో చూడండి. మిక్మాక్ మనిషా, వాళ్ళ గురించి రాసిన బయటి మనిషా? పందొమ్మిదో శతాబ్దంలో సైలస్ రాండ్ అనే మిషనరీ వాళ్ళ భాష నేర్చుకుని, గ్లూస్కాప్ అనే వాళ్ళ పురాణ వీరుడి కథలు బోలెడు సేకరించాడు, నిఘంటువు కూడా తయారుచేశాడు. పనికొచ్చేవే, కాదనను. కానీ వాళ్ళ మతం మార్చాలని వెళ్ళిన మనిషి చెవిన పడి ఇంగ్లీషులోకి దిగిన కథలవి, అందుకే వాటిని మొదట చదవొద్దు, నాలుగోదో ఐదోదో చేసుకోండి.

మొదట రీటా జో. 1932లో కేప్ బ్రెటన్ దీవిలో పుట్టింది, చిన్నతనంలోనే అమ్మానాన్నలు పోయారు, ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళకి దూరంగా పెట్టి చదివించిన షూబెనకాడీ రెసిడెన్షియల్ స్కూల్లో పెరిగింది, తర్వాత ఎస్కసోనిలో సంసారం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ కవిత్వం రాసింది. మొదటి సంపుటి 1978లో వచ్చింది. ఆవిడ రాసిన 'ఐ లాస్ట్ మై టాక్' చాలా చిన్న కవిత. బడి తన మాటని లాగేసుకుందని మొదలుపెట్టి, మీలాగే మాట్లాడుతున్నాను, మీలాగే ఆలోచిస్తున్నాను అంటూ వచ్చి, చివర్లో ఆ మాటని వెతుక్కోనివ్వమని నెమ్మదిగా అడుగుతుంది. అడగడంలో అంత మర్యాద చూసి కోపం లేదనుకోకండి. వెంటనే ఇసబెల్ నాక్‌వుడ్ 'అవుట్ ఆఫ్ ది డెప్త్స్' తియ్యండి, 1992లో వచ్చింది. ఆవిడా ఆ బడిలోనే చదివింది, తన జ్ఞాపకాలతో పాటు తోటి విద్యార్థుల జ్ఞాపకాలు కూడా పోగుచేసి రాసింది, సొంత భాషలో మాట్లాడినందుకు పిల్లలు తిన్న దెబ్బలు అందులో ఉంటాయి. 1967లో మూతపడిన బడి అది, అంటే మరీ పాతకాలపు సంగతేం కాదు. ఈ పుస్తకం అయ్యాక రీటా జో కవిత మళ్ళీ ఒకసారి చదవండి.

మూడోది డేనియల్ పాల్ 1993లో రాసిన చరిత్ర, 'వుయ్ వర్ నాట్ ది సావేజెస్'. మిక్మాక్ మనిషి తలకి పది గినీలని 1749లో బ్రిటిష్ గవర్నర్ కార్న్‌వాలిస్ బహుమతి ప్రకటించిన సంగతి ఎంతోమంది ఈ పుస్తకంలోనే మొదట చదివారు. హాలిఫాక్స్‌లో ఉన్న కార్న్‌వాలిస్ విగ్రహాన్ని 2018లో తీసేశారు.

ఇక హక్కులు. ఇక్కడ చాలామంది బోర్ కొడుతుందని పక్కన పెట్టేస్తారు, నాకైతే అన్నిటికన్నా ఆసక్తి ఇక్కడే. 1725 నుంచి 1760ల దాకా బ్రిటిష్ వాళ్ళతో జరిగిన శాంతి, స్నేహ ఒప్పందాలు చూడండి, వాటిలో భూమి ఇచ్చేస్తున్నాం అన్న మాట ఎక్కడా ఉండదు. అయితే ఒప్పందం ఒక్కటే చదివితే సగమే అర్థమవుతుంది, ఎందుకంటే కాగితం మీద పెట్టింది ఇంగ్లీషువాళ్ళు, మిక్మాక్ పెద్దలు నోటితో మాట్లాడుకున్నారు. 1760 ఒప్పందంలో ఒక షరతు ఉంది, ప్రభుత్వం పెట్టిన సరుకుల కొట్లలో తప్ప ఇంకెక్కడా వ్యాపారం చెయ్యం అని. చూడ్డానికి అది ఒట్టి ఆంక్షే. డొనాల్డ్ మార్షల్ జూనియర్ అనే మిక్మాక్ మనిషి 1993లో లైసెన్స్ లేకుండా 463 పౌన్ల ఈల్ చేపలు పట్టి 787 డాలర్లకి అమ్మితే కేసు పెట్టారు. కెనడా సుప్రీంకోర్టు 1999లో ఆ షరతుని, అప్పటి చర్చల రికార్డులతో కలిపి చదివింది. కొట్టుకి తెచ్చి అమ్మాలంటే ముందు వేటాడాలి, చేపలు పట్టాలి కదా, కాబట్టి ఒక మోస్తరు బతుకుతెరువుకి సరిపడా చేపలు పట్టి అమ్ముకునే హక్కు ఆ ఒప్పందంలోనే ఉందని తేల్చింది. ఆ తీర్పు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పక్కన ఒప్పందం పెట్టుకుని చదవండి. దానితో పాటు నెటుకులిమ్క్ గురించి మిక్మాక్ పెద్దలు రాసినవి, చెప్పినవి చూడండి. బతకడానికి కావలసినంత తీసుకోవాలి, రేపటివాళ్ళకి లేకుండా చెయ్యకూడదు అనే పద్ధతి అది. అది తెలియకుండా 2020లో సిపెక్నెకాటిక్ అనే మిక్మాక్ సమాజం మొదలుపెట్టిన ఎండ్రరొయ్యల వేట మీద జరిగిన గొడవ అర్థం కాదు.

ఆధ్యాత్మికత దగ్గర ఒకే గ్రంథం వెతక్కండి, దొరకదు. 1610లో మెంబర్టూ అనే పెద్ద నాయకుడు బాప్టిజం తీసుకున్నాడు, ఇప్పటికీ జూలైలో పోట్లోటెక్‌లో సెయింట్ ఆన్ పండగకి జనం చేరతారు, అదే జనం పాత నమ్మకాలనీ వదల్లేదు. వాళ్ళ బొమ్మల లిపిలో ప్రార్థనల పుస్తకం 1866లో వియన్నాలో అచ్చయింది. ఆ లిపిని 1670లలో లె క్లర్క్ అనే ఫాదర్ తయారుచేశాడని కొందరంటారు. కానీ పిల్లలు బర్చ్ బెరడు మీద బొగ్గుతో గుర్తులు గీసుకోవడం చూశానని ఆయనే రాశాడు, అందుకే నేను మిక్మాక్ పండితుల మాట వైపే మొగ్గుతాను, దాని మూలం వాళ్ళదే.

వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. పాత కేటలాగుల్లో మిక్మాక్ (Mi'kmaq) అనే పేరుకి కె, క్యూల బదులు సి వాడతారు, లిస్టుగుజ్ అనే మిక్మాక్ ఊరి వైపువాళ్ళు కె బదులు జి రాస్తారు, కాబట్టి అన్ని స్పెల్లింగులతోనూ వెతకండి. ఊరి పేర్లు, మనుషుల పేర్లు ఎలా పలకాలో తెలియకపోతే మిక్మాక్ ఆన్‌లైన్ అనే మాట్లాడే నిఘంటువు ఉంది, ఆ భాష మాట్లాడేవాళ్ళ గొంతులోనే వినొచ్చు.

చదివాక తెలుగులోకి తేవాలనిపిస్తే సంతోషమే, కానీ కవిత నచ్చింది కదా అని అనువాదం చేసి పోస్ట్ చేసెయ్యకండి, రచయితనో, కుటుంబాన్నో, ప్రచురణకర్తనో ముందు అడగండి. పూజావిధానాలు, పెద్దలు నోటితోనే చెప్పే కథలైతే ఇంకా జాగ్రత్త, వాటిలో కొన్ని బయట రాయడం వాళ్ళకి ఇష్టం ఉండదు. జవాబు రాకపోతే ఆగిపోండి. ఆ పుస్తకం గురించి మీ మాటల్లో పరిచయం రాయండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.