ఇల్లు కట్టే ముందే చెట్టు సంగతి చూసుకోండి, ఇసుక లోడు దిగినాక లాభం లేదు

సంక్రాంతి పోయిందంటే మా తిరుపతి చుట్టుపక్కల ఎక్కడ చూసినా పునాదులే, తిరుచానూరు రోడ్డు, అవిలాల, పేరూరు ఏ పక్క పోయినా టిప్పర్లు జేసీబీలు. స్థలంలో పాత వేపచెట్టో మామిడిచెట్టో ఉంటే "కొట్టించము లెండి, అట్లే పెట్టుకుంటాం" అంటారు చాలామంది, మేమూ అట్లే అన్నాం. నిజంగానే గొడ్డలి పెట్టలేదు, అయినా చెట్టు పోయింది.

ఏమైందంటే మా మేస్త్రీకి ఆ వేపచెట్టు నీడ బాగా నచ్చింది. సిమెంట్ మూటలు దాని కిందే, ఇసుక కంకర దాని కిందే, మాలు కలిపేది అక్కడే, సాయంత్రం బాండ్లీలు పారలు కడిగిన నీళ్ళు కూడా మొదట్లోకే. గృహప్రవేశం నాటికి పచ్చగానే ఉండింది, ఫొటోల్లో కూడా బాగా పడింది. రెండో ఎండాకాలంలో కొసకొమ్మలు ఎండుకుంటా వచ్చి మూడో ఏడాదికి మోడైపోయింది, మేమేమో పురుగు పట్టిందని మందు కొట్టించుకుంటా కూర్చున్నాం.

వేర్లంటే నిలువునా పాతాళానికి పోతాయి అనుకుంటాం గానీ నీళ్ళు తాగే సన్నవేర్లు ఎక్కువ భాగం పైపైన ఒకటిన్నర, రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి బయటికి కూడా పోయుంటాయి. లోడు టిప్పర్ దానిమీద నాలుగుసార్లు తిరిగితే ఆ మట్టి రోడ్డులాగా గట్టిపడి గాలి ఆడదు, నీళ్ళు దిగవు. సిమెంట్ కడిగిన నీళ్ళు సున్నపు నీళ్ళతో సమానం, పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే కొలత, మామూలు నీళ్ళకి 7) 12 దాకా ఉంటుంది.

అందుకే మా తమ్ముడు కట్టేటప్పుడు ఫస్టు రోజే టేపు తీసినాం. ఛాతీ ఎత్తులో మాను చుట్టూ కొలిచి, వచ్చిన అంగుళాల్ని మూడుతో భాగిస్తే ఎంతొస్తే మొదలు నుంచి అన్ని అడుగులు చుట్టూ వదలాలి. వాడి మామిడికి 42 అంగుళాలు వచ్చింది, అంటే 14 అడుగులు. అరవై అంకణాల (మా పక్క అంకణం అంటే 36 చదరపు అడుగులు) స్థలంలో అంత యాడ దొరుకుతుంది, ఇంటి పక్కన తొమ్మిదే దొరికింది, మిగతా మూడు పక్కలా పూర్తిగా వదిలినాం.

ముందు ముగ్గు పోసి గీత గీసినాం. తెల్లారేసరికి గీత మీదనే ఇటుకల లోడు దింపేసినారు! ఇక లాభం లేదని సవక కట్టెలు పాతి నడుము ఎత్తుకి గ్రీన్ నెట్ కట్టేసినాం. మేస్త్రీ "అన్నా, మావాళ్ళు నీడకి యాడ కూచుంటారు" అన్నాడు, అదీ న్యాయమే కదా, ఇంకో పక్క నాలుగు కట్టెలు పాతి తాటాకు పందిరి వేయించినాం. చెట్టుకి దెబ్బ తగిలితే ఆఖరి బిల్లులో కట్ చేస్తామని కూడా ముందే చెప్పుకోండి, పేపర్ మీద రాసుకుంటే ఇంకా మంచిది.

బండి ఆ పక్కనే పోవాల్సి వస్తే అర అడుగు మందాన కొబ్బరి పీచు పరిచి పైన మందం చెక్కలు వేయండి. కిందికి వాలిన కొమ్మలు ముందే రంపంతో కోయించుకోండి, టిప్పర్ తగిలి చీలితే మాను బెరడు కూడా ఊడొస్తుంది. లైటు వైరుకని మేకులు కొట్టనీయకండి.

చెట్టు దగ్గర గుంతలు మాత్రం జేసీబీతో వద్దు, దాని బకెట్ వేరుని తెంపదు, లాగి చీల్చేస్తుంది. పలుగు పారతో మనుషుల్ని పెట్టి తవ్వించండి, కాస్త ఖర్చయినా. బొటనవేలంత వేరు అడ్డమొస్తే రంపంతో నున్నగా కోసేయొచ్చు, మణికట్టంత లావుది మాత్రం ముట్టుకోవద్దు, డ్రైనేజీ పైపుని దాని కింద నుంచి దూర్చించండి. ఒక పక్క లావు వేర్లన్నీ తెంపేసి వదిలేస్తే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకొచ్చే తుఫాను వానలకి నేల నానిపోయి చెట్టు కొత్త ఇంటిమీదే పడే ప్రమాదం ఉంటుంది.

ఇంకోటి, 2021 నవంబర్ వానలకి కాలనీల్లోకి నీళ్ళు వచ్చినాక అందరూ స్థలం ఎత్తు లేపుతా ఉన్నారు, తప్పదు కూడా. కానీ మూడడుగుల ఎర్రమట్టి మాను చుట్టూ పోసేస్తే వేర్లకి ఊపిరి ఆడదు, మొదలు కుళ్ళుతుంది. ఎంత వీలైతే అంత దూరంలో సిమెంట్ లేకుండా రాళ్ళు పేర్చి లోపల పాత నేల మట్టం అట్లే వదిలేయండి, వాన నీళ్ళు నిలవకుండా ఒక పైపు బయటికి పెట్టండి.

చెట్టు కొట్టక తప్పదు అనుకుంటే నీళ్ళు, భూమి, చెట్లు కాపాడేదానికి పెట్టిన 2002 వాల్టా చట్టం ఉండాది, చాలా చెట్లకి పర్మిషన్ కావాలి, ముందే అడిగి తెలుసుకోండి. ఎర్రచందనం అయితే మన పట్టాభూమిలో ఉన్నా ఫారెస్టువాళ్ళని అడగకుండా కొమ్మ కూడా కొట్టొద్దు.

పని జరిగినన్నాళ్ళూ ఎండాకాలంలో వారానికొకసారి, చెట్టు మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద, ట్యూబ్ సన్నగా వదిలి బాగా తడపండి. ఎండుటాకులు మూడు అంగుళాలు పరవండి, మానుకి ఆనకుండా.

కంచె కూడా గృహప్రవేశానికి ముందు తీయకండి. మేం శుభ్రంగా ఉండాలని ముందురోజే పీకేస్తే వంటవాళ్ళు పొయ్యి తెచ్చి సరిగ్గా మామిడి కిందే పెట్టినారు, అన్నం వార్చిన వేడి గంజి మొదట్లో పోయబోతుంటే మా అమ్మ కేకేసి ఆపింది.