హెండ్రిక్స్ లైవ్ కచేరీలు: ఎలా చూడాలి, ఏ వరసలో చూడాలి

అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పేరు కొడితే యూట్యూబ్ ముందు చూపించేది గిటార్ తగలబెట్టే క్లిప్పే, రెండు నిమిషాలు చూసి ఓహో ఈయనేనా అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు బోలెడు మంది. నాకు బాధనిపించేది అక్కడే, ఎందుకంటే ఆయన గొప్పతనం ఆ మంటలో లేదు, చేతుల్లో ఉంది. పేరొచ్చాక ఆయన వాయించింది మహా అయితే నాలుగేళ్ళు, 1970 సెప్టెంబర్ 18న లండన్‌లో పోయేనాటికి 27 ఏళ్ళే, అయినా మంచి కచేరీలు కొన్ని కెమెరాకి ఎక్కాయి. వాటిని క్లిప్పులుగా కాకుండా మొదట్నుంచి చివరిదాకా వరసగా చూస్తే మనిషి ఎలా మారుతూ వెళ్ళాడో కళ్ళముందు కనిపిస్తుంది.

ముందు సౌండ్ సంగతి. ఫోన్ స్పీకర్‌లో అస్సలు వద్దు, బేస్ వినపడదు, గిటార్ కీచుమంటుంది, ఇదేం మోత అనిపిస్తుంది అంతే. వైరున్న ఇయర్‌ఫోన్స్ మామూలువైనా పర్లేదు. బ్లూటూత్‌లో కొన్నిసార్లు సౌండ్ కొంచెం లేటుగా వస్తుంది కదా, పాటకైతే తేడా తెలీదు గానీ ఇక్కడ మనం చూసేది వేళ్ళని, వేలు కదిలాక కాసేపటికి శబ్దం వస్తే చూసిన ఫలితమే ఉండదు. టీవీలో పెట్టేవాళ్ళు ఇంకోటి చెయ్యండి, ఈ ఫిల్ములు చాలావరకు పాత చదరపు ఫ్రేమ్‌లో ఉంటాయి, పక్కన నల్ల పట్టీలు వస్తున్నాయని జూమ్ పెట్టారంటే కిందా పైనా కట్ అయిపోతుంది, సరిగ్గా గిటార్ మీది చేతులే పోతాయి. పట్టీలు ఉండనివ్వండి.

ఇప్పుడు చేతులు. ఆయనది ఎడమచేతి వాటం, కానీ వాయించింది ఎక్కువగా కుడిచేతి వాటం వాళ్ళ కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్, దాన్ని తిరగేసి తీగలు మళ్ళీ తన చేతికి తగ్గట్టు మార్చి కట్టుకున్నాడు. అందుకే వాల్యూమ్ నాబ్‌లు, తీగల్ని వదులు చేసే ఆ ఇనప కడ్డీ అన్నీ పైవైపు కనిపిస్తాయి. మీరు చూడాల్సింది కుడిచెయ్యి, నోట్లు పట్టేది అదే. బొటనవేలు గమనించండి, గిటార్ మెడ వెనక ఉండాల్సింది పైనుంచి చుట్టి వచ్చి లావు తీగని నొక్కుతుంది, దాంతో మిగతా వేళ్ళకి ఖాళీ దొరికి అదే టైంలో చిన్న చిన్న మెలోడీలు అల్లుతుంటాయి, రెండు గిటార్లు వాయిస్తున్నట్టు వినిపించేది ఇందుకే. ఇంకోటి, మధ్యమధ్యలో యాంప్ వైపు, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె వైపు తిరిగి దగ్గరకి వెళ్తుంటాడు చూడండి, అది స్టైల్ కోసం కాదు, యాంప్‌లోంచి వచ్చే శబ్దం తీగని మళ్ళీ కదిలిస్తుంది, ఆ కదలిక మళ్ళీ యాంప్‌లోకి వెళ్తుంది, అలా నోటు ఆగకుండా సాగుతూనే ఉంటుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు, మిగతావాళ్ళు అది రాకూడదని దూరంగా నిలబడితే ఈయన ఎంత దూరంలో నిలబడితే ఏ శబ్దం వస్తుందో తెలిసి నిలబడ్డాడు. ప్రతి కచేరీ రెండుసార్లు చూడమంటాను, ఒకసారి మామూలుగా, రెండోసారి చేతులే.

మొదటిది మాంటరే మ్యూజిక్ ఫెస్టివల్, 1967 జూన్ 18, కాలిఫోర్నియా. 1968లో వచ్చిన మాంటరే పాప్ సినిమాలో ఈయనది చివరి పాట ఒక్కటే పెట్టారు, గిటార్‌కి నిప్పంటించింది ఆ పాటలోనే, అందుకే లోకానికి అదే గుర్తుండిపోయింది. మీరు జిమీ ప్లేస్ మాంటరే అని విడిగా వచ్చింది చూడండి, మొదటి పాటకే తీగలు మీటే ఎడమచెయ్యి చేసే రిథమ్ స్పీడు చూస్తే మంట దాకా ఆగక్కర్లేదు. అదే రోజు మధ్యాహ్నం అదే స్టేజీ మీద పండిట్ రవిశంకర్ సితార్, అల్లారఖా తబలా, అది కూడా సినిమాలో ఉంది, తప్పకుండా చూడండి. గిటార్ కాల్చడం చూసి రవిశంకర్‌కి చాలా కష్టం వేసిందని ఆయనే తర్వాత చెప్పారు. వీణకి పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం, మనకి ఆ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. నాకూ ఆ సీన్ నచ్చదు, కానీ దానికి ముందున్న పాటలన్నీ నచ్చుతాయి.

రెండోది ఉడ్‌స్టాక్, అమెరికాలో జరిగిన పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్. ఆదివారం రాత్రి అవ్వాల్సిన ప్రోగ్రాం ఆలస్యం అయ్యీ అయ్యీ 1969 ఆగస్టు 18 సోమవారం పొద్దున జరిగింది, అప్పటికి లక్షల జనంలో ఎక్కువమంది ఇళ్ళకి బయల్దేరిపోయారు, ఖాళీ అయిన మైదానం, చెత్త, పగటి వెలుతురు, తెల్ల స్ట్రాటోకాస్టర్. అందరూ చెప్పేది అమెరికా జాతీయ గీతం గురించే, నేనూ అదే చెప్తా కానీ నెమ్మదిగా చూడండి, నాలుగు నిమిషాల్లోపే ఉంటుంది. పాటలో రాకెట్ల మాట వచ్చే చోట ట్యూన్ ఆపేసి ఆ కడ్డీని కిందకి నొక్కుతాడు, తీగలు వదులైపోయి శబ్దం ఆకాశంలోంచి జారి పడినట్టు దిగుతుంది, మళ్ళీ ఏమీ జరగనట్టు ట్యూన్ సరిగ్గా ఎక్కడ వదిలాడో అక్కడ అందుకుంటాడు. కాస్త తర్వాత సైనికుల అంత్యక్రియల్లో ఊదే బ్యూగిల్ ట్యూన్ ఒక ముక్క వస్తుంది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు, ఈయన కూడా ఒకప్పుడు ఆర్మీలో పారాచూట్ దళంలో చేసినవాడే, అది గుర్తుపెట్టుకుని వినండి. ఇంకో సంగతి, స్టేజీ మీద రెండో గిటారిస్టు ల్యారీ లీ, చేత్తో వాయించే కాంగా డ్రమ్ములవాళ్ళు ఇద్దరు ఉంటారు, చేతులు ఆడుతుంటాయి గానీ రిలీజైన మిక్స్‌లో వాళ్ళ శబ్దం దాదాపు వినపడదు, మీ ఇయర్‌ఫోన్స్ పాడవలేదు.

మూడోది 1970 జనవరి 1, న్యూయార్క్‌లో ఫిల్మోర్ ఈస్ట్ అనే హాలు, బ్యాండ్ ఆఫ్ జిప్సీస్ అనే తన ముగ్గురి బృందంతో. బ్లాక్ అండ్ వైట్, దూరం నుంచి తీసింది, బొమ్మ మసక, క్వాలిటీ చూసి కట్టేయకండి ప్లీజ్, నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ఇదే. మెషిన్ గన్ అనే పాట, పన్నెండు నిమిషాల పైన, వియత్నాంలో పోరాడుతున్న సైనికులకి అంకితమిస్తూ మొదలుపెడతాడు. మాంటరేలో గెంతిన మనిషి ఇక్కడ దాదాపు కదలడు. సోలో మొదట్లో ఒక్క నోటు పట్టుకుని అలా సాగదీస్తూ నిలబెట్టేస్తాడు, వెనక బడ్డీ మైల్స్ డ్రమ్స్ మీద తుపాకీ మోత, బిల్లీ కాక్స్ బేస్ అదే మాట మళ్ళీ మళ్ళీ. ఈ పాట చూసేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నుంచి చూడాల్సిందే.

తర్వాత కాలిఫోర్నియాలోని బర్కిలీ, 1970 మే 30. ఇది కచేరీ మొత్తం దొరికే ఫిల్మ్ కాదు, మధ్యలో వీధుల్లో గొడవల ఫుటేజ్ కూడా వస్తుంది, జానీ బీ గుడ్ పాట కోసం చూడండి చాలు, ఆ స్పీడుకి కెమెరావాళ్ళే వెనకబడతారు.

ఐల్ ఆఫ్ వైట్ ఫెస్టివల్ కచేరీ మాత్రం చివరికి ఉంచుకోండి. 1970 ఆగస్టు 31 తెల్లవారుజాము, ఇంగ్లండ్, పోవడానికి 18 రోజుల ముందు. సెక్యూరిటీవాళ్ళ వాకీటాకీ మాటలు యాంప్‌లోంచి పాట మీద పడుతుంటాయి, మనిషి అలసిపోయి ఉన్నాడని తెలుస్తుంది, చాలామంది ఇది బాలేదని కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను. రెడ్ హౌస్ బ్లూస్ వాయించేటప్పుడు గిటార్ మారుస్తాడు, వీ అక్షరం ఆకారంలో ఉండే ఫ్లయింగ్ వీ, ఎడమచేతి వాటానికే చేసింది, ఆ పాట ఒక్కటి చూసి చెప్పండి.

ఇవన్నీ అయ్యాక ఓపికుంటే మావీ, హవాయిలో 1970 జులై 30న తీసింది. జనాన్ని రాశుల ప్రకారం కూర్చోబెట్టిన కచేరీ అది. గాలికి రికార్డింగ్ దెబ్బతింది, డ్రమ్స్ ఆయన డ్రమ్మర్ మిచ్ మిచెల్ తర్వాత స్టూడియోలో కూర్చుని మళ్ళీ వాయించాడు, కర్రలు చూస్తూ వినండి, అక్కడక్కడా దొరికిపోతుంది. గిటార్ నేర్చుకుంటున్నవాళ్ళు వీడియోతో పాటు వాయించాలంటే ముందు ఆరు తీగలూ ఒక అర స్వరం కిందకి దించుకోండి, ఆయన లైవ్‌లో చాలావరకు అలాగే కట్టుకున్నాడు, అది తెలీక శ్రుతి కలవట్లేదని గిటార్ పక్కన పెట్టేసేవాళ్ళు ఉంటారు.