చేప కోత నేర్చుకుందాం – 4వ పాఠం: బొమ్మిడాయి

పోయిన పాఠంలో కొర్రమేను పొలుసు తీశాం. అది కుదిరినవాళ్లకి ఇవాళ్టి పని పెద్ద కష్టం కాదు. కాకపోతే చెయ్యి గీరుకుపోయేది దీంతోనే.

బొమ్మిడాయి చూడ్డానికి అచ్చం పాము పిల్లే. సూదిగా సాగిన ముక్కు, ఒళ్లంతా జిగురు. కోనసీమలో కాలువలు కట్టేసినప్పుడు బోదెల్లో మిగిలిన బురదలో దొరుకుతుంది. నేను మొదటిసారి దాన్ని తోకవైపు నుంచి పట్టుకుని ముందుకి లాగాను. అరచేతిలో నాలుగు గాట్లు పడ్డాయి. మామ్మ నవ్వేసి, "పిల్లి వీపు నిమరటం తెలీదట్రా? ఎదురు దువ్వితే ఊరుకుంటుందా?" అంది. పాఠమంతా ఆ మాటలోనే ఉంది. బొమ్మిడాయి వీపు మీద విడివిడిగా సన్నటి ముళ్ల వరుస ఉంటుంది. అన్నీ వెనక్కి వాలి ఉంటాయి. తలనుంచి తోకకి చెయ్యి జారిస్తే ఏమీ తెలీదు, తోకనుంచి తలకి వెళ్తే దిగుతాయి. బతికున్న చేప అయితే మనం పట్టు బిగించేకొద్దీ వెనక్కి జరుగుతూ తనే గుచ్చుతుంది. అందుకే చచ్చాకే కోతకి తీసుకోండి.

సొంతంగా వల వేసేవాళ్లకి ఒక మాట. వలలో నీరుకట్టె కూడా పడుతుంది. పక్కన చిన్న రెక్కలు, తోక చుట్టూ పలచని రెక్క ఉంటే చేప. రెక్కలు లేకుండా ఒళ్లంతా పొలుసులు, వీపు మీద గళ్లు ఉంటే నీరుకట్టె. దానికి విషం లేదు గానీ గట్టిగానే కరుస్తుంది. కర్రతో వల తప్పించి వదిలేయండి.

"బొమ్మిడాయి తోలు తీసినట్టే చచ్చిన పాము తోలు కూడా తీయొచ్చా?" అని మా తమ్ముడి కొడుకు అడిగాడు. వద్దు. రక్తపింజరి, నాగుపాము లాంటివి చచ్చాక కూడా, తల తెగిపడ్డాక కూడా కొంతసేపు కాటేయగలవు. పైగా నాగుపాము, జెర్రిపోతు, నీరుకట్టె లాంటివాటిని చంపినా, తోలు దాచుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దొడ్లో చచ్చిన పాము కనపడితే పారతో ఎత్తి గోతిలో పూడ్చెయ్యండి, తలకి చెయ్యి తగలనివ్వకండి. మన సరదా బొమ్మిడాయితో తీర్చుకుందాం.

ముందు జిగురు వదిలించాలి. చేపల్ని పళ్లెంలో వేసి కట్టెపొయ్యి బూడిద, గుప్పెడు గళ్లుప్పు చల్లి పావుగంట వదిలేయండి. చెత్త, ప్లాస్టిక్ కాల్చిన బూడిద మాత్రం పనికిరాదు. తర్వాత తల పట్టుకుని గరుకు బండ మీద తోకవైపే రుద్దండి. జిగురుతోపాటు కంటికి ఆనని సన్న పొలుసూ పోతుంది. చర్మం కరకరమనేదాకా రుద్దాలి. ఇక్కడ తొందరపడితే కూరకి నీచు వాసన వస్తుంది, ఎంత చింతపండు పోసినా పోదు.

ముళ్లు తీసేటప్పుడు మాత్రం దిశ మారుతుంది. ముళ్లు వెనక్కి వాలాయి కాబట్టి కత్తెర మొన తోకవైపు నుంచి వాటి కిందకి దూరాలి. చేపని పాత నూలు గుడ్డతో పట్టుకుని, తలవైపు కత్తిరించుకుంటూ రండి. వేళ్లు కత్తెరకి ముందు ఉండకూడదు. గుచ్చుకుంటే సబ్బుతో కడగండి. లోతుగా దిగినా, ధనుర్వాతం టీకా వేయించుకుని చాలాకాలమైనా డాక్టర్‌కి చూపించండి.

వేలెడు చేపకి తోలు తీయక్కర్లేదు. చేతి మణికట్టంత లావుంటే తీసుకోవచ్చు. మెడ చుట్టూ లోతు లేకుండా గాటు పెట్టి, తలని గుడ్డతో అదిమిపట్టి, తోలు అంచు గోటితో లేపండి. వేళ్లకి ఉప్పు రాసుకుంటే పట్టు దొరుకుతుంది. ఆ తర్వాత మేజోడు విప్పినట్టు తోకదాకా లాగేయడమే. మా ఇంట్లో అయితే తోలు తీస్తే ఒప్పుకోరు, రుచంతా అక్కడే అంటారు. నాదీ అదే మాట.

ఇక పొట్ట. కింది రంధ్రం దగ్గర మొదలుపెట్టి గొంతుదాకా పైపైన చీల్చండి. కత్తి లోతుగా దిగితే ఆకుపచ్చటి చేదు సంచి పగులుతుంది. పగిలితే ఆ మేర కోసి పారేయడమే. పేగులు, మొప్పలు తీసి, వెన్నెముక పొడవునా ఉన్న నల్లటి నెత్తురు గీకేయండి. తల తీసేసి, కత్తిపీట మీద రెండంగుళాల ముక్కలు కోయండి. ఉప్పు, పసుపు పట్టించి రెండుసార్లు కడిగితే చాలు. మామిడికాయ ఉంటే పులుసు, లేత చింతచిగురు దొరికితే ఇంకా మంచిది.

వచ్చే పాఠం జెల్లలు. ఈలోపు నాలుగు బొమ్మిడాయిలు తెచ్చి కోసి చూడండి. ముక్క నిమిరితే చేతికి జారుడు తగిలిందంటే మళ్లీ బూడిద దగ్గరికే.