పేరు దాచండి, రుచి అడగండి

నా మొదటి రుచుల పార్టీకి పద్నాలుగు రకాల చాక్లెట్లు తెచ్చాను. రేపర్లతో సహా బల్ల మీద వరసగా పేర్చి, వచ్చిన ఆరుగురికీ తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి "ఇక కానివ్వండి" అన్నాను. మొదటి మూడింటి గురించి పేరాలకు పేరాలు రాశారు. ఏడోదానికి వచ్చేసరికి "బావుంది" అని ఒక్క మాట. పదోదాని దగ్గర ఒకడు కాగితం మీద ఏనుగు బొమ్మ గీస్తూ కూర్చున్నాడు. చివర్లో మార్కులు కూడితే అన్నిటికన్నా ఖరీదైనదే మొదటొచ్చింది. రాక చస్తుందా, దాని బంగారు రంగు కాగితం అందరికీ కనబడుతూనే ఉంది.

నేను చేసిన తప్పులు రెండూ అందులోనే ఉన్నాయి. ఎక్కువ పెట్టాను, పేర్లు కనబడనిచ్చాను. అప్పటినుంచి నెలకో రెండు నెలలకో ఒకసారి మా గుంపు కూర్చుంటూనే ఉంది, ఆ రెండు తప్పులూ మళ్ళీ చేయలేదు. కొత్తవి చేశాను, అవీ చెప్తాను.

ముందు థీమ్. జనం ఇక్కడే బోర్లా పడతారు. "చాక్లెట్" అనేది థీమ్ కాదు, అది కొట్టులో ఒక అర. "70 శాతం కోకో ఉన్న నల్ల చాక్లెట్, ఐదు రకాలు" అంటే థీమ్. "చిప్స్" కాదు, "ఉప్పు తప్ప ఇంకేమీ చల్లని చిప్స్". ఎంత ఇరుకైతే ఆట అంత బాగుంటుంది. ఎందుకంటే పాల చాక్లెట్‌నీ నల్ల చాక్లెట్‌నీ పక్కపక్కన పెడితే మాట్లాడుకోవడానికి ఏముంది, ఇది తియ్యన, అది చేదు, అయిపోయింది. ఐదూ నల్లవే అయినప్పుడు, ఒకదాంట్లో పుల్లటి పండు వాసన ఏదో తగులుతోందనీ, ఇంకోటి నోట్లో కాస్త ఇసకలా ఉందనీ మనుషులకి మెల్లగా తెలియడం మొదలవుతుంది.

రుచి చూడ్డం కాకుండా సరదాయే ముఖ్యం అనుకుంటే ఇంకో రకం థీమ్ ఉంది. మేం ఒకసారి ప గుణింతం పెట్టుకున్నాం. తలా ఒక అక్షరం చీటీలో వస్తుంది, ఆ అక్షరంతో మొదలయ్యేది తేవాలి. పాప్‌కార్న్, పిస్తా, పీచు మిఠాయి, పుచ్చకాయ, పైనాపిల్ సులువుగానే వచ్చాయి. "పౌ" వచ్చినమ్మాయి డోనట్లు తెచ్చింది. "ఇదేంటే, డోకి ఇంకా చాలా దూరముంది" అంటే, "పౌడర్ చల్లిన డోనట్" అంది నిమ్మకు నీరెత్తినట్టు. అరగంట వాదన. డోనట్లు మాత్రం మొదటి ఐదు నిమిషాల్లోనే అయిపోయాయి.

ఎంత కొనాలన్నది చాలామంది అడుగుతారు. రకాలు ఐదు, మహా అయితే ఆరు. ముక్క చిటికెన వేలి గోరంత, చాక్లెట్ అయితే ఐదు గ్రాముల లోపు. రసాలైతే రెండు చెంచాలు. ఒక్కొక్కరికి ప్రతి రకంలోనూ రెండు ముక్కలుండాలి, మొదటిది పరిచయానికి, రెండోది "ఏదీ, మళ్ళీ ఒకసారి" అనుకోవడానికి. ఆరుగురికి ఆరు రకాలంటే డెబ్బై రెండు ముక్కలు, అంతే. కడుపు నింపే పని దీనికి అప్పజెప్పొద్దు. బాగా ఆకలితో వచ్చినవాడికి ఏది పెట్టినా అమృతమే, బాగా తిని వచ్చినవాడికి ఏదీ నచ్చదు. అందుకే భోజనానికి భోజనానికి మధ్య వేళ చూసి పిలుస్తాను.

ఇక పేర్లు దాచడం. గిన్నెల మీద ఒకటి, రెండు, మూడు అని రాస్తే జనం ఒకటిని గొప్పది అనుకుంటారు. అ, ఆ అన్నా అంతే. ఆహారాన్ని వృత్తిగా రుచి చూసే ప్రయోగశాలల్లో అందుకే అడ్డదిడ్డంగా మూడంకెల నంబర్లు వేస్తారు, 417, 852, 296 ఇలా. నేనూ అదే పట్టుకున్నాను. ఒకసారి ఐస్‌క్రీమ్ కప్పుల మీద స్కెచ్‌పెన్నుతో రాశాను. పావుగంటలో కప్పులకి చెమట పట్టి అన్ని అంకెలూ కారిపోయాయి. 417 కాస్తా ఒక నీలి మరక. ఏది ఏదో నాకే తెలియక, ఆ రోజు విజేత ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు కాగితపు టేపు ముక్క మీద పెన్సిలుతో రాసి కప్పు అడుగున అంటిస్తున్నాను, ఏ నంబరు ఏదన్న చిట్టా జేబులో పెట్టుకుంటాను.

దాచడంలో ఒక బాధ్యత ఉంది, దీని దగ్గర మాత్రం నేను నవ్వను. ఏం తింటున్నారో మీ స్నేహితులకి తెలియదు, మీకు ఒక్కరికే తెలుసు. కాబట్టి పిలిచేటప్పుడే ఒక్కొక్కరినీ విడిగా అడగండి: వేరుశనగ, బాదం, జీడిపప్పు లాంటి గింజపప్పులు, పాలు, గుడ్డు, గోధుమ, సోయా, నువ్వులు, ఏదైనా పడదా, ఏదైనా తినరా? గ్రూపులో "ఎవరికైనా ఎలర్జీలున్నాయా" అని ఒక మెసేజ్ పడేస్తే సగంమంది చూడరు, ఉన్నవాళ్ళు మొహమాటపడతారు. ప్రతి ప్యాకెట్ వెనకవైపు ఫోటో తీసి ఉంచండి, ఎవరడిగినా వెంటనే చూపించొచ్చు. దినుసుల విషయంలో సర్‌ప్రైజ్ అనేది పెట్టుకోవద్దు. ఒకే చెంచా అన్నిట్లో ముంచొద్దు. పాలతో, క్రీముతో చేసినవి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు, గది 32 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే గంటే.

రోజు రానే వచ్చింది అనుకోండి. అందరూ కూర్చోగానే నేను తినిపించేది అసలు సరుకు కాదు, ఒక్కో జెల్లీ మిఠాయి. కళ్ళు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని నోట్లో వేసుకోమంటాను. నమలండి, ఏ పండు? ఎవరూ చెప్పలేరు. తియ్యగా ఉంది, కొంచెం పుల్లగా ఉంది, బంకలా ఉంది, అంతవరకే. ఇప్పుడు ముక్కు వదలండి. వదిలిన మరుక్షణం స్ట్రాబెర్రీ నోట్లోనే దీపం పెట్టినట్టు వెలుగుతుంది. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే కమ్మదనం (పుట్టగొడుగుల్లో, టమాటాల్లో తగిలేది). పండు, పువ్వు, పొగ, వెనిల్లా అని మనం చెప్పుకునేవన్నీ నోటి వెనకనుంచి ముక్కులోకి ఎగబాకే వాసనలే. ఈ ఒక్క మిఠాయితో బల్ల చుట్టూ వాతావరణం మారిపోతుంది. "నాకు రుచులూ గిచులూ తెలియవు బాబూ" అని చేతులు కట్టుకు కూర్చునేవాడు కూడా రెండో మిఠాయి అడుగుతాడు. జలుబు చేసినవాళ్ళని ఆ రోజుకి ఓట్లు లెక్కపెట్టే పనిలో పెట్టండి.

తర్వాత అసలు సంగతి. మొదట రుచి చూసినదానికి చాలాసార్లు కాస్త లాభం ఉంటుంది. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో వరస రాసిస్తాను, ఒకరు 852తో మొదలుపెడితే పక్కవాళ్ళు 296తో. మధ్యమధ్య నోరు కడగడానికి ఉప్పు లేని బిస్కెట్టో, తెల్ల బ్రెడ్డు ముక్కో, నీళ్ళో. చాక్లెట్‌కి మాత్రం గోరువెచ్చని నీళ్ళే పెట్టండి. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే మన నోటి వేడికి కొంచెం దిగువన. చల్లటి నీళ్ళు తాగితే నోట్లో మిగిలిన ఆ వెన్న గడ్డకట్టి మైనం పూసినట్టుంటుంది. చాక్లెట్‌ని ఫ్రిజ్‌లోంచి గంట ముందే తీసి పెట్టమనేదీ ఇందుకే. నమిలేయకుండా నాలుక మీద కరగనివ్వమని చెప్పండి, వినరు, అయినా చెప్పండి.

తింటున్న రెండు మూడు నిమిషాలూ ఎవరూ మాట్లాడకూడదు. ఈ ఒక్క నియమం నేను గొంతు పెంచి మరీ అమలు చేస్తాను. ఒకరు "అబ్బ, కాఫీ వాసన" అన్నారంటే మిగతా ఐదుగురికీ కాఫీయే తగులుతుంది. రాశాకే మాట్లాడాలి. ఏం రాయాలి? మార్కులు అడగొద్దు, పదికి ఏడు అనే అంకె ఎవరినీ నవ్వించదు. "ఇది మనిషైతే ఎలాంటి మనిషి?" అని అడగండి. ఒక నల్ల చాక్లెట్ గురించి మా వాళ్ళలో ఒకావిడ రాసింది: "వచ్చిన దగ్గర్నుంచీ ఏమీ అనదు, వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ ఒక మాట అనేసి పోయే పెద్దత్త." చేదు చివర్లో తగిలే చాక్లెట్‌ని అంతకన్నా బాగా ఎవరు చెప్తారు! మార్కులు కావాలంటే చివరికి అందరూ చదివాక ఒక్క ఓటు వేయిస్తే సరిపోతుంది.

కాస్త మోసం కూడా ఉండాలి పార్టీ అన్నాక, దినుసుల్లో కాకుండా. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడు కప్పుల ఆట. రెండిట్లో ఒకటే రసం, మూడోదాంట్లో వేరే కంపెనీది. వేరుగా ఉన్నదేదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి, ఆరుగురిలో ఇద్దరు సరిగ్గా చెప్తే వాళ్ళకేం తెలిసిందని కాదు. ఐదుగురో ఆరుగురో చెప్తే మాత్రం నిజంగా తేడా ఉన్నట్టే, గుడ్డి లెక్కన అది వందలో రెండుసార్లు కూడా జరగదు. "నేను కళ్ళు మూసుకుని చెప్పేస్తాను" అని బడాయి పోయేవాళ్ళ కోసమే పుట్టిందీ ఆట.

రంగు మోసం ఇంకోటి. ఆపిల్ రసంలో ఒక చుక్క ఎర్ర ఫుడ్ కలర్ వేసి, వేయనిదాని పక్కన పెట్టండి. ఎర్రదాంట్లో చెర్రీలు, దానిమ్మలు మొలుస్తాయి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఫ్రాన్స్‌లో వైన్ చదువు చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో అచ్చయిన పరిశోధన అది. ఐస్‌క్రీమ్ రోజున అయితే ఒకే డబ్బాలోది సగం గట్టిగా, సగం పూర్తిగా కరిగించి పెట్టండి. కరిగింది చక్కెర పాకంలా ఉందనీ, వేరే కంపెనీదనీ ఒట్టేసి చెప్తారు. చలికి నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, అందుకే ఐస్‌క్రీమ్‌లో అంత చక్కెర పోస్తారు.

మిరాకిల్ ఫ్రూట్ అని ఎర్రటి చిన్న పండొకటి ఉంది, పశ్చిమ ఆఫ్రికాది. దాని పొడితో చేసిన బిళ్ళలు దొరుకుతాయి. బిళ్ళని నాలుకంతా తిప్పుతూ నెమ్మదిగా కరగనిస్తే, ఆ తర్వాత అరగంటపైనే నిమ్మకాయ తియ్యగా ఉంటుంది. అందులోని మిరాక్యులిన్ అనే ప్రోటీన్ నాలుక మీద తీపిని పట్టేచోట అతుక్కుని, పులుపు తగిలినప్పుడల్లా తీపి అని కబురు పంపుతుంది. అయితే మారేది కబురే, నిమ్మరసం నిమ్మరసమే. మొదటిసారి నేను ఆ సంబరంలో మూడు నిమ్మకాయలు బత్తాయిల్లా ఒలుచుకు తిన్నాను. మూడు రోజులు నోరు పూసి మజ్జిగతో బతికాను. తలా రెండు నిమ్మ చెక్కలు చాలు, పళ్ళ మీది ఎనామిల్‌కీ పని పెట్టకండి.

కారం సాసుల పార్టీ చేస్తే ఎప్పుడూ తక్కువ కారంనుంచి ఎక్కువకే పోవాలి, వెనక్కి రావడం ఉండదు. నీళ్ళు కాదు, పాలు పెట్టండి. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు.

అన్నీ అయ్యాక చిట్టా జేబులోంచి తీసి పేర్లు చదవాలి, నెమ్మదిగా, చివరి స్థానంనుంచి పైకి. మా వాళ్ళలో ఒకడికి ఒకే కంపెనీ చిప్స్ ప్రాణం, మిగతావన్నీ అట్టముక్కలు అంటాడు. చిప్స్ పార్టీలో వాడు 296ని తిట్టినంతగా ఎవరూ దేన్నీ తిట్టలేదు, "పాత నూనె, ఉప్పు తప్ప ఏమీ లేదు" అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాడు. నేను 296 ఏదో చదివాను. వాడు కప్పు తీసి వాసన చూశాడు, ఇంకో చిప్ నోట్లో వేసుకున్నాడు, "ఈ ప్యాకెట్‌కి గాలి తగిలిందిరా, నువ్వు సరిగ్గా మూతి కట్టలేదు" అన్నాడు. వెళ్ళేటప్పుడు మిగిలిన ఆ ప్యాకెట్టు వాడే పట్టుకెళ్ళాడు.